వైజాగ్‌లో మామూలు ఇంటి ఆదాయం ఎంత, పెరిగిందా తగ్గిందా: ఏ డేటా తీసుకోవాలి, దాన్ని ఎంతవరకు నమ్మాలి

వైజాగ్‌లో ఒక మామూలు కుటుంబం నెలకి ఎంత సంపాదిస్తుంది, ఐదేళ్ళ కిందటి కంటే బాగుపడిందా లేదా. ఈ ప్రశ్న ఏయూలో ప్రాజెక్ట్ చేసే పిల్లలు అడుగుతారు, మధురవాడలో షాపు పెడదామనుకునేవాళ్ళు అడుగుతారు, బస్తీల్లో పనిచేసే సంస్థలవాళ్ళు అడుగుతారు, అందరూ నెట్‌లో వెతికి ఏదో ఒక అంకె పట్టుకుని వెళ్ళిపోతారు. ఆ అంకె ఎక్కడిది, దానికి అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చు అని చూసేవాళ్ళు బాగా తక్కువ. అందుకే ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది పనికొస్తుందో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. ముందు మీకు కావాల్సింది ఏంటో తేల్చుకోండి. ఇప్పుడు ఎంత ఉందో కావాలా, ఎంత మారిందో కావాలా? ఈ రెండిటికీ ఒకే డేటా సరిపోదు, చాలామంది ఇక్కడే దారి తప్పుతారు.

ఈ రాసేదాంట్లో నేను చూసేది సగటు కాదు, మీడియన్. ఎందుకంటే, ఊళ్ళో ఇళ్ళన్నీ ఆదాయం ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న ఇల్లు అది. స్టీల్ ప్లాంట్ ఆఫీసరు ఇల్లు, హెచ్‌పీసీఎల్‌లో పర్మనెంట్ ఉద్యోగి ఇల్లు, హార్బర్‌లో బోటు మీద కూలికెళ్ళే మనిషి ఇల్లు కలిపి సగటు తీస్తే పైవాళ్ళ జీతాలు అంకెని లాగేస్తాయి. దేశం మొత్తం మీద ఇది ఎంత తేడానో ఐహెచ్‌డీఎస్ (ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే)లో కనిపిస్తుంది, 2004-05లో ఏడాదికి కుటుంబ ఆదాయం సగటున 48 వేల దగ్గర ఉంటే మీడియన్ 28 వేల దగ్గరే ఉంది. మామూలు ఇంటి గురించి మాట్లాడాలంటే రెండోదే చూడాలి.

ముందుగా పక్కన పెట్టాల్సింది జిల్లా తలసరి ఆదాయం. అందరికీ సులువుగా దొరికేది అదే, పేపర్లో వచ్చేది అదే, విశాఖ రాష్ట్రంలో టాప్ అని సంబరపడేది కూడా దాని మీదే. కానీ అది జిల్లాలో తయారైన సరుకు, సేవల విలువని జనాభాతో భాగిస్తే వచ్చే అంకె. రిఫైనరీ, పోర్టు, స్టీల్ ప్లాంటు ఇక్కడున్నాయి కాబట్టి ఆ విలువ ఇక్కడి లెక్కలో పడుతుంది, అందులో ఎక్కువ భాగం కంచరపాలెంలోనో ఆరిలోవలోనో ఉన్న ఇంటికి చేరదు. పైగా అందులో మీడియన్ అనేదే ఉండదు. కుటుంబ ఆదాయం కోసం దీన్ని వాడొద్దని గట్టిగా చెప్తాను.

ఎమ్మార్వో ఆఫీసు ఇచ్చే ఇన్‌కమ్ సర్టిఫికెట్ల లెక్క కూడా అంతే. అది ఏదో ఒక పథకానికో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కో అప్లై చేసినవాళ్ళ లెక్క, ఊరి లెక్క కాదు.

ఇక అసలైన వాటిలో మొదటిది పీఎల్ఎఫ్ఎస్, అంటే కేంద్ర గణాంక శాఖ చేసే పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే. 2017లో మొదలైన ఈ సర్వే ఉద్యోగాల కోసం చేసేదే, కానీ అందులో జీతగాళ్ళకి నెల జీతం, కూలీలకి వారం రోజుల కూలి, సొంత పని చేసుకునేవాళ్ళకి గత 30 రోజుల సంపాదన అడుగుతారు, ఇంట్లో అందరివీ కలిపితే పని మీద వచ్చే కుటుంబ ఆదాయం వస్తుంది. ఒక్కో ఇంటి డేటా గణాంక శాఖ సైట్‌లో రిజిస్టర్ అయితే ఫ్రీగా దిగుతుంది, ఏటా వస్తుంది, ప్రశ్నలు పెద్దగా మారలేదు. మార్పు చూడాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి ఫ్రీ డేటా లేదు.

లోపాలు రెండున్నాయి. అద్దెలు, వడ్డీలు, పిల్లలు బయటి నుంచి పంపే డబ్బు దీంట్లో సరిగా పట్టవు, కింద ఇల్లు అద్దెకిచ్చి పైన ఉండే రిటైరైన కుటుంబాలు మన ఊళ్ళో ఎన్నో, వాళ్ళు దీంట్లో ఉన్నదానికంటే పేదగా కనిపిస్తారు. రెండోది కూలీల వారం లెక్క. ఆ వారం పని దొరకని మనిషికి సున్నా పడుతుంది, మూడు రోజులు దొరికినవాడిది 30/7తో గుణించి నెల చేసుకోవాలి, అంటే ఆ ఇళ్ళ ఆదాయం నిజానికంటే ఎక్కువ ఊగుతుంది.

హెచ్‌సీఈఎస్ అనే ఖర్చుల సర్వే ఇంకా పెద్దది, 2022-23లో 2.61 లక్షల ఇళ్ళు, మళ్ళీ 2023-24లో అంతే. ఏపీలో మనిషికి నెల ఖర్చు సగటున పట్నాల్లో 6,782, పల్లెల్లో 4,870 అని 2022-23లో వచ్చింది. బాగా చేసిన సర్వే, ఖర్చు గురించి జనం ఆదాయం కంటే నిజం చెప్తారు కూడా. కానీ ఖర్చు ఆదాయం కాదు, పైవాళ్ళు కొంత మిగుల్చుకుంటారు, కిందివాళ్ళు అప్పు చేసి తింటారు. టైమ్ మీద పోల్చడం కూడా కష్టమే, అంతకుముందు బయటికి వచ్చినది 2011-12ది, మధ్యలో 2017-18ది విడుదల చేయలేదు, 2022-23లో ఒకే ఇంటికి మూడుసార్లు వెళ్ళే కొత్త పద్ధతి పెట్టారు. ఆదాయం ఎంత అన్న అంకెని సరిచూసుకోవడానికి వాడండి, ట్రెండ్‌కి వద్దు.

సీఎంఐఈ అనే ప్రైవేటు సంస్థ చేసే కన్స్యూమర్ పిరమిడ్స్ సర్వే 2014 జనవరి నుంచి నడుస్తోంది, అవే ఇళ్ళకి ఏడాదికి మూడుసార్లు వెళ్తారు, నెలనెలా ఆదాయం ఉంటుంది. కాగితం మీద చూస్తే మనకి కావాల్సింది ఇదే అనిపిస్తుంది. అయితే డబ్బు కట్టాలి, శాంపిల్ కొన్ని జిల్లాలు కలిపిన రీజియన్ల లెక్కన తీస్తారు, పైగా పేద ఇళ్ళు తక్కువ పడుతున్నాయని ఆర్థికవేత్తలు జాన్ డ్రెజ్, అన్మోల్ సోమంచి 2021లో గట్టిగా రాశారు. పేద ఇళ్ళు తగ్గితే మీడియన్ పైకి జరుగుతుంది, వెయిట్లతో (తక్కువ పడిన రకం ఇళ్ళకి లెక్కలో ఎక్కువ బరువు ఇవ్వడం) అది పూర్తిగా పోదు. మీ యూనివర్సిటీకి సబ్‌స్క్రిప్షన్ ఉంటే నెలనెలా ఊపు చూడటానికి తీసుకోండి, సొంత డబ్బు పెట్టి కొనమని మాత్రం చెప్పను. ఐహెచ్‌డీఎస్ ఆదాయాన్ని అన్నిటికంటే వివరంగా అడుగుతుంది, ఒక రౌండ్ 2004-05లో, మళ్ళీ అవే ఇళ్ళకి 2011-12లో, కానీ దేశం మొత్తానికి 42 వేల ఇళ్ళే, అందులోంచి వైజాగ్ తీయలేం. దాని ప్రశ్నల ఫారం మాత్రం దించుకోండి, సొంత సర్వేకి అంతకంటే మంచి నమూనా దొరకదు.

ఇప్పుడు ఏ డేటా తీసుకున్నా తప్పని సంగతి ఒకటుంది, జిల్లా మారిపోయింది. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లాని మూడు ముక్కలు చేశారు, అనకాపల్లి ఒకటి, పాడేరు ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, మిగిలింది విశాఖ. 2011 లెక్కల్లో పాత జిల్లా జనాభా దాదాపు 43 లక్షలు, కొత్తదానిది 20 లక్షల లోపు, అందులో దాదాపు అంతా సిటీయే. అంటే చింతపల్లి, పెదబయలు, నర్సీపట్నం ఇళ్ళు వరసలోంచి పోయాయి, మిగిలినవాళ్ళలో ఒక్కరి జీతం కూడా ఒక్క రూపాయి పెరగకపోయినా విశాఖ జిల్లా మీడియన్ ఒక్కసారిగా పైకి వెళ్తుంది. 2021, 2023 అంకెలు పక్కపక్కన పెట్టి జిల్లా ఆదాయం దూసుకుపోయిందని ఎవరైనా చెప్తే ముందు అడగాల్సింది ఏ జిల్లా అని.

దీనికి నేను వాడే దారి ఏంటంటే, పాత ఏళ్ళకి పాత జిల్లా కోడ్‌లో అర్బన్ సెక్టార్ ఇళ్ళు మాత్రమే తీసుకుంటాను. పాత జిల్లా పట్టణ జనాభా 20 లక్షల పైచిలుకు, అందులో జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్)దే 17.28 లక్షలు, అంటే ఆ అర్బన్ శాంపిల్‌లో ఎక్కువభాగం సిటీ ఇళ్ళే. నర్సీపట్నం, యలమంచిలి లాంటివి కొన్ని కలుస్తాయి, అనకాపల్లి టౌన్ కూడా అంతే, అది తర్వాత జీవీఎంసీలో కలిసినా 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. కొత్త ఏళ్ళకి కొత్త జిల్లా అర్బన్. అచ్చంగా ఒకే బౌండరీ కాదు, అయినా జిల్లా మొత్తం పోల్చడం కంటే ఎన్నో రెట్లు నయం. రాష్ట్రం అంకెలు వాడేవాళ్ళకీ ఇదే జాగ్రత్త, 2014 జూన్ 2కి ముందు ఆంధ్రప్రదేశ్ అంటే హైదరాబాద్ కూడా ఉంది.

ఇక ఎర్రర్ సంగతి, దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను ఎందుకంటే అందరూ వదిలేసేది ఇదే. ఉదాహరణకి మీడియన్ 25,000 అనుకోండి. ఆదాయాలు మామూలుగా ఉండేంత చెదురుగా ఉన్నాయనుకుంటే, అంటే లాగ్‌లో తీసిన స్టాండర్డ్ డీవియేషన్ (చెదురుని కొలిచే అంకె) 0.8 అనుకుంటే, 400 ఇళ్ళని ఊరంతా లాటరీ తీసినట్టు ఎంచుకున్నా 95 శాతం రేంజ్ (ఇలా వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు నిజం అంకె లోపల పడే రేంజ్) అటూ ఇటూ 10 శాతం, అంటే 22,500 నుంచి 27,500. నిజం సర్వేల్లో ఇళ్ళని అలా ఒక్కొక్కటిగా తీయరు, ఒక వీధిలో పదో ఇరవయ్యో తీస్తారు, ఒక వీధిలో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, ఎంవీపీ కాలనీ సెక్టార్‌లో ఇరవై ఇళ్ళు అడిగినా మీకు కొత్తగా తెలిసేది తక్కువ. ఒక చోట 20 ఇళ్ళు తీసి వాటి మధ్య పోలిక 0.1 ఉంటే (సున్నా అంటే పోలికే లేదు, 1 అంటే అన్నీ ఒకటే) ఎర్రర్‌ని స్క్వేర్ చేసిన అంకె 2.9 రెట్లవుతుంది, మీ 400 ఇళ్ళు 138 ఇళ్ళతో సమానం. అదే 400ని 50 చోట్ల ఎనిమిదేసి తీస్తే 1.7 రెట్లే, 235 ఇళ్ళతో సమానం. ఒక్క ఇల్లు కూడా ఎక్కువ తిరగకుండా వచ్చే లాభం ఇది, ఆటో ఖర్చు మాత్రం పెరుగుతుంది.

పీఎల్ఎఫ్ఎస్‌లో పాత డిజైన్‌లో దేశానికి లక్ష ఇళ్ళు, 700 పైన జిల్లాలు, జిల్లాకి సగటున 140. అంత శాంపిల్‌తో మీడియన్‌కి అటూ ఇటూ 20 శాతం దాటుతుంది, 25 వేలు అంటే 20 వేల కింద నుంచి 30 వేల పైదాకా ఏదైనా కావచ్చు. 2025 జనవరి నుంచి శాంపిల్ 2.7 లక్షల ఇళ్ళకి పెంచారు, జిల్లాని ప్రధాన యూనిట్ చేశారు, సగటున జిల్లాకి 350 పడుతుంది, ఎర్రర్ 15 శాతం దగ్గరికి వస్తుంది. ఇంకా తగ్గాలంటే మూడేళ్ళు కలిపెయ్యండి, 9 శాతం దాకా దిగుతుంది. అమెరికాలో సెన్సస్ బ్యూరో చేసేది కూడా ఇదే, వాళ్ళ ఏసీఎస్ సర్వేలో 65 వేల జనాభా దాటిన ఊళ్ళకే ఏడాది అంకె ఇస్తారు, చిన్నవాటికి ఐదేళ్ళు కలిపి ఇస్తారు, ప్రతి అంకె పక్కనా 90 శాతం లెక్కన మార్జిన్ వేస్తారు. కలిపినప్పుడు ఒక జాగ్రత్త, 2018-20ని 2021-23తో పోల్చండి, 2019-21తో కాదు, రెండేళ్ళు రెండిట్లో ఉంటే మీరు పోల్చేది చివర్లో ఒక్కో ఏడాదే.

మార్పు లెక్క ఇంకా కష్టం. వేరువేరు 400 ఇళ్ళతో రెండుసార్లు చేస్తే తేడా మీద ఎర్రర్ 14 శాతం అవుతుంది, వీధుల లెక్క ఇంకా కలపకుండానే. ఆదాయం 8 శాతం పెరిగిందని మీకు కనిపిస్తే అది నిజంగా పెరుగుదలో శాంపిల్ ఊపో ఆ డేటా చెప్పలేదు. అవే ఇళ్ళకి మళ్ళీ వెళ్తే, మొదటిసారి మీడియన్‌కి పైనున్నవాళ్ళు రెండోసారి కూడా చాలావరకు పైనే ఉంటారు కాబట్టి ఎర్రర్ పడిపోతుంది, ఆ సంబంధం (కోరిలేషన్) 0.6 ఉంటే 14 కాస్తా 9 అవుతుంది. అదే డబ్బు, అవే ఇళ్ళు, ఎర్రర్ మాత్రం మూడో వంతుకి పైగా తగ్గింది. మార్పే మీ ప్రశ్న అయితే ఇంకేం ఆలోచించకండి, అవే ఇళ్ళకి వెళ్ళండి. ఇల్లు మారినవాళ్ళని ఫోన్ చేసి పట్టుకోండి, అద్దె ఇళ్ళవాళ్ళు జారిపోతే మిగిలేది సొంతిళ్ళవాళ్ళే.

రేంజ్ ఎలా తీయాలన్నదానికి మూడు దారులు. లాటరీ పద్ధతిలో తీసిన చిన్న శాంపిల్ అయితే కాగితం చాలు, 400 ఆదాయాలు వరసగా రాసి 180వది, 221వది చూడండి, అదే మీ 95 శాతం రేంజ్, 100 ఇళ్ళైతే 40వది, 61వది. వెయిట్లు, వీధుల గుంపులు ఉన్న సర్వే అయితే వుడ్రఫ్ పద్ధతి, 1952 నాటిది, ఇప్పటికీ పనిచేస్తుంది. మీడియన్ కింద ఉన్నవాళ్ళ శాతం మీద ముందు ఎర్రర్ తీసి, దాన్ని ఆదాయంలోకి తిప్పుతారు. 40 చోట్ల పదేసి ఇళ్ళైతే 50 శాతం కాస్తా 43 నుంచి 57 అవుతుంది, 43వ శాతం దగ్గర ఆదాయం ఎంత, 57వ శాతం దగ్గర ఎంత, అంతే. ఆర్ (R) అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో సర్వే ప్యాకేజీ ఇది చేసి పెడుతుంది. మూడోది బూట్‌స్ట్రాప్, అంటే మీ శాంపిల్‌లోంచే మళ్ళీ మళ్ళీ లాటరీ తీసి మీడియన్ ఎంత ఊగుతుందో చూడటం, ఏఐని అడిగితే అందరికీ ముందు ఇదే వస్తుంది, కానీ ఇళ్ళని మళ్ళీ మళ్ళీ లాగే కోడ్ ఇస్తుంది, లాగాల్సింది వీధుల్ని. ఇళ్ళని లాగితే రేంజ్ ఉత్తుత్తిగా ఇరుకుగా వచ్చి మీకు లేని ధైర్యం ఇస్తుంది. ఇంకో చిక్కు, మనవాళ్ళు ఆదాయం అడిగితే 15 వేలు, 20 వేలు, 25 వేలు అని గుండ్రంగా చెప్తారు, అప్పుడు బూట్‌స్ట్రాప్ మీడియన్ 20,000 మీదే అతుక్కుపోయి ఒకోసారి రేంజ్ సున్నా అని కూడా వస్తుంది. అందుకే ఆదాయాలని 17,500 నుంచి 22,500 లాంటి గుంపులుగా చేసి లోపల ఇంటర్‌పొలేట్ చేయండి (గుంపులో ఇళ్ళు సమానంగా పరుచుకున్నాయనుకుని మధ్య అంకె లెక్కేయడం). ఈ మూడిట్లో నా ఓటు వుడ్రఫ్‌కే.

పాత పీఎల్ఎఫ్ఎస్ ఫైళ్ళతో త్వరగా అంచనా కావాలంటే వాటిలో సబ్ శాంపిల్ 1, 2 అని (శాంపిల్‌ని రెండు సగాలు చేసినవి) ఉంటాయి, గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారి కాలం నుంచి వస్తున్న పద్ధతి, రెండిటికీ మీడియన్ వేరుగా తీసి తేడాలో సగం చేస్తే అదే స్టాండర్డ్ ఎర్రర్, దాన్ని దాదాపు రెండింతలు చేసి అటూ ఇటూ వేస్తే 95 శాతం రేంజ్. మోటుగా ఉంటుంది, ఒక్కోసారి రెండూ యాదృచ్ఛికంగా దగ్గర పడి ఎర్రర్ లేనట్టే కనిపిస్తుంది, కాబట్టి దీన్ని రిపోర్ట్‌లో వేయకండి. వెయిట్ వేసేటప్పుడు ఫైల్‌లో ఒక్కో ఇంటికి ఇచ్చిన మల్టిప్లయర్‌ని కొన్నిటికి 100తో, కొన్నిటికి 200తో భాగించాలి, రీడ్‌మీ చదవకుండా మొదలుపెట్టకండి.

ఈ రేంజ్‌లలో దేంట్లోనూ కనిపించని తప్పు ఇంకోటి ఉంది. ఎండాడ, రుషికొండ వైపు అపార్ట్‌మెంట్లలో వాచ్‌మెన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. పై 10 శాతం ఇళ్ళు అసలు దొరకలేదనుకోండి, మీకు వచ్చే మీడియన్ నిజంగా 45వ శాతం దగ్గర ఇల్లు, పై ఉదాహరణలో 25,000 బదులు 22,600 వస్తుంది. శాంపిల్ పదింతలు చేసినా ఇది పోదు. కింది వైపు ఇంకో రకం, సిటీలో రైస్ కార్డుకి నెలకి 12 వేల లోపు ఉండాలన్న రూల్ అందరికీ తెలుసు, చేతిలో కాగితాలతో ఎవరొచ్చినా కార్డు కోసమే అనుకుని 10 వేలో 11 వేలో చెప్తారు. నిజంగా 15 వేలు వచ్చేవాళ్ళు అలా చెప్పినా మీడియన్ 25 వేల దగ్గరుంటే దానికేం కాదు, 28 వేలు వచ్చేవాళ్ళు చెప్తేనే దెబ్బ. మీడియన్‌కి ఉన్న గొప్ప సుగుణం ఇదే. కరెంటు బిల్లు, స్కూలు ఫీజు అడిగి పక్కన పెట్టుకుంటే ఎవరు తగ్గించి చెప్పారో కొంత తెలుస్తుంది.

సొంత సర్వే చేసేవాళ్ళకి నా సలహా, పోలింగ్ బూత్‌ల లిస్ట్‌లోంచి, ఓటర్లు ఎక్కువున్న బూత్‌కి ఎక్కువ అవకాశం వచ్చేలా లాటరీ తీసి 40 బూత్‌లు, ఒక్కోదాంట్లో పది ఇళ్ళు, మళ్ళీ ఏడాదికి అవే ఇళ్ళు, అదే నెల. నెల ఎందుకంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, జాలారిపేటలో మేలో అడిగిన ఆదాయం, నవంబర్‌లో అడిగిన ఆదాయం రెండు వేరే లోకాలు. ధరల కోసం లేబర్ బ్యూరో సీపీఐ-ఐడబ్ల్యూ (పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ)లో విశాఖపట్నం సెంటర్ విడిగా ఉంది, దేశం సూచీ బదులు అదే వాడండి, 2001 బేస్ నుంచి 2016 బేస్‌కి దాటేటప్పుడు లింకింగ్ ఫ్యాక్టర్ (పాత సూచీని కొత్తదానితో కలిపే గుణకం) మర్చిపోవద్దు, దేశానికి అది 2.88. ధరలు 30 శాతం పెరిగిన కాలంలో మీడియన్ 20 నుంచి 25 వేలకి వెళ్తే నిజానికి అది 19,200కి తగ్గినట్టు. ఆరుగురున్న ఇల్లు విడిపోయి మూడేసి మంది రెండిళ్ళైతే కూడా మీడియన్ పడిపోతుంది, అందుకే ఇంటి మంది సంఖ్యకి వర్గమూలం తీసి దాంతో భాగించిన అంకె కూడా పక్కన ఇవ్వండి.

మరి ఎవరికి ఏది? పీజీ ప్రాజెక్ట్‌కి పీఎల్ఎఫ్ఎస్ అర్బన్, మూడేళ్ళు కలిపి, వుడ్రఫ్ రేంజ్‌తో, ఇంతకి మించి అక్కర్లేదు. షాపు పెట్టేవాళ్ళకి హెచ్‌సీఈఎస్ ఖర్చు అంకెలే ఎక్కువ ఉపయోగం. ఒక బస్తీలో పథకం పనిచేసిందో లేదో చూడాలంటే సొంత ప్యానెల్ (అవే ఇళ్ళకి మళ్ళీ మళ్ళీ వెళ్ళే సర్వే) తప్ప దారి లేదు. పేపర్లో రాసేవాళ్ళకి ఒక్కటే మనవి, రెండేళ్ళ రేంజ్‌లు ఒకదాని మీద ఒకటి బాగా పడుతుంటే "పెరిగింది" అని హెడ్డింగ్ పెట్టకండి, తేడా మీద ఎర్రర్ విడిగా లెక్కేయించండి.

కేంద్రం విడిగా కుటుంబ ఆదాయ సర్వే చేస్తామని 2025లో ప్రకటించింది, 2026 ఫిబ్రవరి నుంచి అని, ఆర్థికవేత్త సుర్జీత్ భల్లా అధ్యక్షతన కమిటీ. 1950లు, 60ల్లో, మళ్ళీ 1983-84లో ప్రయత్నించి వదిలేసినది, అప్పట్లో జనం చెప్పిన ఆదాయం కంటే ఖర్చు, పొదుపు కలిపినదే ఎక్కువ వచ్చింది. దాని డేటా వచ్చిన రోజున ముందు విశాఖ అర్బన్‌లో ఎన్ని ఇళ్ళున్నాయో లెక్కపెట్టండి, తర్వాత అదే ఇళ్ళకి పని ఆదాయం ఒక్కటీ విడిగా తీసి ఆ ఏడాది పీఎల్ఎఫ్ఎస్ మీడియన్ పక్కన పెట్టండి. రెండూ దగ్గరగా వస్తే వెనకటి పీఎల్ఎఫ్ఎస్ ఏళ్ళన్నీ దానికి జోడించుకోవచ్చు, దూరంగా వస్తే కొత్తది ఎంత పెద్దదైనా దాన్ని కొత్త మొదలుగానే వాడాలి, పాత అంకెలతో గీత కలపకూడదు.